మంట మిగిల్చిన నీరు

పాఠశాలలో రసాయనశాస్త్రం చదివిన వారందరికీ ఒక శబ్దం జ్ఞాపకం ఉంటుంది. గాజు సీసాలో జింకు ముక్కలు వేసి వాటిమీద విలీన గంధకామ్లం పోస్తారు. బుడగలు బుడగలుగా వాయువు పైకి వస్తుంది. దానిని నీటితొట్టిలో బోర్లించిన పరీక్షనాళికలోనికి పట్టి, మూతిని బొటనవ్రేలితో మూసి, వెలిగించిన అగ్గిపుల్ల దగ్గరకు తీసుకొనిపోయి వ్రేలు తీస్తారు. 'టప్' మని చిన్న శబ్దం వస్తుంది. తరగతి అంతా నవ్వుతుంది. వెనుక బల్లమీది వారు మరొకసారి చేయమంటారు. తరువాత అందరూ నోటుపుస్తకాలలో ఒకే వాక్యం వ్రాసుకొంటారు: ఉదజని టప్ మనే శబ్దంతో మండుతుంది. ఇంతలో గంట కొడతారు. పాఠం ముగుస్తుంది.

నేను చదువుకొన్న పాఠశాలలో కూడ ఆ పాఠం అక్కడనే ముగియవలసినది. కాని మా మాస్టారు గంట కొట్టిన తరువాత కూడ మమ్మల్ని లేవనీయలేదు. పేలిన నాళికను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టి, "శబ్దం అందరూ విన్నారు. ఇప్పుడు దీని లోపల చూడండి" అన్నారు. నాళిక చేతులు మారుతూ మా బల్లకు వచ్చినది. అద్దంమీద ఊదితే పట్టే చెమ్మ వంటిది లోపలి గోడమీద పలుచగా కనిపించినది. "ఇది ఎక్కడినుంచి వచ్చినది?" అని ఆయన అడిగినారు. మాలో ఒకడు లేచి, "వాయువును నీళ్ళలోనుంచే పట్టినారు కదండీ! నాళిక ముందే తడిసి ఉన్నది" అన్నాడు. మేమంతా వాణ్ణి చూచి నవ్వినాము. మాస్టారు నవ్వలేదు. "సరియైన ప్రశ్న అడిగినావు. రేపు చూతాము" అన్నారు.

మరునాడు ఆయన వాయువును కాల్షియం క్లోరైడు నింపిన గొట్టం గుండా పోనిచ్చి, దానిలోని తేమను తొలగించినారు. వెంటనే మంట పెట్టలేదు. ఒక నాళికలో కొంత వాయువు పట్టి, దూరంగా తీసుకొనిపోయి వెలిగించినారు, గట్టిగా పేలినది. రెండవ నాళిక కొంచెం మెల్లగా పేలినది. మూడవది దాదాపు చప్పుడు లేకుండ మండినది. అప్పుడు గాని సన్నని నాళపు మొనవద్ద వాయువును వెలిగించలేదు. పగటి వెలుతురులో ఆ మంట కనబడీ కనబడనట్లు ఉన్నది. చల్లని నీరు నింపి, వెలుపల పొడిగుడ్డతో తుడిచిన గాజుకూజాను మొదట మంటకు దూరంగా పట్టి చూపినారు. అది పొడిగానే ఉన్నది. తరువాత మంటపైన పట్టినారు. కూజా అడుగున చెమ్మ పట్టి, చెమ్మ బిందువులై, బిందువులు ఒకటొకటిగా క్రింది పళ్ళెంలో రాలినవి. "నిన్న నాళికలో నీళ్ళు ఉన్నవి. ఈ రోజు ఈ దారిలో ఎక్కడా నీళ్ళు లేవు. మరి ఇవి ఏమిటి?" అన్నారు. నిన్న నవ్విన మాకు ఎవరికీ జవాబు తోచలేదు.

చాల సంవత్సరాల తరువాత ఈ వాయువు చరిత్ర చదివినప్పుడు నాకు ఒక సంగతి తెలిసినది. ఆనాడు మా సహాధ్యాయి లేవదీసిన సందేహం 18వ శతాబ్దంలో ఐరోపాలోని మహాశాస్త్రజ్ఞుల సందేహమే. వారిలో కొందరు అక్కడనే ఆగిపోయినారు. ఆ చెమ్మ ఎక్కడినుంచి వచ్చినదో తేల్చడంతో రెండువేల సంవత్సరాలనాటి నమ్మకం ఒకటి కూలిపోయినది.

ఆ నమ్మకం నీటిని గూర్చినది. మనవారు పంచభూతాలలో నీటిని ఒకటిగా లెక్కించినారు. గ్రీకులు చెప్పిన నాలుగు మూలపదార్థాలలోను నీరు ఒకటి. నీటిని కాచితే ఆవిరి అవుతుంది. చల్లార్చితే మంచుగడ్డ అవుతుంది. కాని దానిని విడదీసి ఇంతకన్న సరళమైన వస్తువును ఎవరూ చూపలేదు. కనుక నీరు మూలపదార్థమే అని అందరూ నమ్మినారు. ఆ నీరు రెండు వాయువుల కలయిక అని ఎవరైనా చెప్పితే ఆ రోజులలో నవ్వులపాలు అయ్యేవారు.

వాయువులను గూర్చిన జ్ఞానం కూడ అప్పుడు బాల్యదశలో ఉండేది. గాలి అంటే ఒకటే గాలి. అందులో చెడ్డది, మంచిది, బరువైనది, మండేది అనే భేదాలు మాత్రమే ఉండేవి. ఇంగ్లండులో రాబర్టు బాయిల్ 1671 ప్రాంతంలో ఇనుపరజను ఆమ్లంలో వేసి, వెలువడే గాలి అంటుకొనడం చూచినాడు. కాని ఆ గాలి ఒక ప్రత్యేక పదార్థమని అనలేదు. దానిని పట్టి, తూచి, కొలిచి, ప్రత్యేకతను స్థాపించిన వాడు హెన్రీ కావెండిష్.

కావెండిష్ 1731లో ప్రభువంశంలో జన్మించినాడు. అపారమైన సంపద ఉన్నా, దానితో అతనికి పని లేదు. మనుష్యులతో మాట్లాడడమే అతనికి కష్టం. ఇంటి దాసీలకు ఏమి కావలెనో చీటీమీద వ్రాసి పెట్టేవాడట. కాని త్రాసుతోను, కొలపాత్రతోను అతనికి ఎంతో చనువు. 1766లో అతడు లండనులోని రాయల్ సొసైటీకి సమర్పించిన వ్యాసాలలో జింకు, ఇనుము, తగరం అనే లోహాలను ఆమ్లాలలో కరగించి పట్టిన 'మండే గాలి'ని వర్ణించినాడు. ఒకే తూకంగల జింకునుంచి, వాడిన ఆమ్లం ఏదైనా, ఒకే పరిమాణంలో వాయువు వస్తున్నదని కొలిచి చూపినాడు. కొలత సరియైనదే. అయితే దానినిబట్టి వాయువు లోహంలోనుంచే వస్తున్నదని అతడు తలపోసినాడు. అది పొరపాటు. వాయువు ఆమ్లంలోనుంచి వస్తున్నది. ఈ పొరపాటును జ్ఞాపకం ఉంచుకొనండి. తరువాత దీనితో మనకు పని ఉన్నది.

ఆ వ్యాసంలోనే కావెండిష్ నేటి పాఠశాల ప్రయోగాన్ని కూడ చేసినాడు. మండే గాలిని, మామూలు గాలిని వేరువేరు పాళ్ళలో సీసాలో కలిపి, వెలిగించి, శబ్దాన్ని గమనించినాడు. ఒక పాలు మండే గాలికి తొమ్మిది పాళ్ళు మామూలు గాలి ఉంటే మిశ్రమం అంటుకొనడమే కష్టమయినది, శబ్దం స్వల్పం. మూడు పాళ్ళకు ఏడు పాళ్ళు ఉంటే గొప్ప శబ్దం. మండే గాలి మరీ ఎక్కువైతే మెల్లగా మండినది. మా మాస్టారు మూడు నాళికలలో వరుసగా వినిపించినది ఈ భేదమే. అయితే 1766లో కావెండిష్ శబ్దాన్ని విన్నాడు గాని, మంట ఏమి మిగిల్చినదో చూడలేదు. చూడడానికి ఇంకా 15 సంవత్సరాలు పట్టినది.

ఈ మధ్యకాలంలో మండే గాలి వినోదవస్తువు అయినది. ఇటలీలో వోల్టా 1776లో మజోరే సరస్సు అంచున బురదలోనుంచి వచ్చే మరొక మండే వాయువును పట్టి పరిశోధించినాడు. గాలితో కలిపిన ఇట్టి వాయువును విద్యుత్ స్ఫులింగంతో పేల్చే పిస్తోలు వంటి పరికరం ఒకటి తయారు చేసినాడు. దాని ప్రేలుడు చూచి సభాసదులు ఉలికిపడి చప్పట్లు కొట్టేవారు. పారిస్‌లో మకే అనే రసాయనవేత్త అదే కాలంలో మండే గాలి మంటపైన తెల్లని పింగాణీ సాసరు పట్టి చూచినాడు. అతడు వెదకినది మసి కొరకు. మసి పట్టలేదు. సాసరుమీద నీటివంటి బిందువులు మాత్రం కనిపించినవి. అవి నీరే అని అతనికి తోచినా, దానిమీద ఇంకేమీ ఆలోచించలేదు.

ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ, మిత్రుల వినోదం కొరకు గాజుపాత్రలో ఈ మిశ్రమాన్ని స్ఫులింగంతో పేల్చి చూపేవాడు. 1781లో అతని స్నేహితుడు వాల్టైర్ ఇదే ప్రయోగాన్ని మూసిన లోహపాత్రలో చేసినాడు. వేడికి బరువు ఉన్నదా అని తెలిసికొనవలెనని అతని ఉద్దేశం. గాజుపాత్రలో చేసినప్పుడు లోపల మంచు పట్టినట్లు తేమ కనిపించినది. దానికి వాల్టైర్ చెప్పిన కారణం ఏమిటంటే: మామూలు గాలిలో తేమ ఎప్పుడూ ఉంటుంది, ప్రేలినప్పుడు ఆ తేమ బయట పడుతున్నది. నాళిక ముందే తడిసి ఉన్నదని మా సహాధ్యాయి చెప్పిన జవాబూ ఇదే!

పారిస్‌లో లవాజియే కూడ ఈ దశలో వెనుకబడినాడు. గంధకం మండితే ఆమ్లం పుట్టుతుంది. భాస్వరం మండితే ఆమ్లం పుట్టుతుంది. కనుక మండే గాలి మండినప్పుడు కూడ ఏదో ఒక ఆమ్లం పుట్టి తీరవలెనని అతని నమ్మకం. ఆ ఆమ్లం కొరకు ఏళ్ళతరబడి వెదకినాడు. ఆమ్లం దొరకలేదు. ఒకడు మసిని, ఒకడు వేడి బరువును, ఒకడు ఆమ్లాన్ని వెదకుతూ ఉండగా, నీరు మాత్రం ప్రతిసారి పాత్రమీద పట్టుతూనే ఉన్నది.

వాల్టైర్ ప్రయోగం సంగతి విన్న కావెండిష్ 1781లో మళ్ళీ పనికి పూనుకొన్నాడు. ఇప్పుడు అతడు శబ్దాన్ని వదలి చెమ్మను పట్టుకొన్నాడు. మామూలు గాలి 1000 పాళ్ళకు మండే గాలి 423 పాళ్ళు కలిపి పేల్చితే, మండే గాలి అంతా, మామూలు గాలిలో దాదాపు అయిదవ వంతు నశించి తేమగా మారుతున్నదని కనుగొన్నాడు. ఈ 423కు 1000కి ఉన్న నిష్పత్తి ఇంచుమించు మూడుకు ఏడు. పదిహేనేళ్ళ క్రిందట గొప్ప శబ్దం వినిపించిన పాళ్ళు ఇవే. రెండు వాయువులలో ఏదీ మిగలకుండ సరిపోయిన చోటనే ప్రేలుడు ఉద్ధృతంగా ఉంటుంది.

తరువాత చెమ్మను చాలినంతగా సేకరించవలెను. గాజుమీది తుషారం తుడిచి చూచి నీరు అని నిశ్చయించడం అతనికి సమ్మతం కాదు. రెండు వాయువులను నిదానంగా మండించి, పొగను 8 అడుగుల పొడవుగల గాజుగొట్టం గుండా పంపినాడు. గొట్టంలో 135 గ్రెయిన్లకు పైగా, అనగా దాదాపు 9 గ్రాముల ద్రవం చేరినది. రుచి చూచినాడు, రుచి లేదు. వాసన లేదు. ఇగిర్చితే మడ్డి మిగలలేదు. అది స్వచ్ఛమైన నీరు. గాలిలో అంతకుముందు దాగిన తేమ ఇంత ఉండడానికి వీలులేదు. మా తరగతిలో కాల్షియం క్లోరైడు గొట్టం చేసిన పనిని కావెండిష్ కొలతతో చేసినాడు.

కాని అతడు వెంటనే ప్రకటించలేదు. మామూలు గాలికి బదులు ప్రీస్ట్లీ కనుగొన్న ప్రాణవాయువు వాడినప్పుడు నీటిలో కొంచెం నత్రికామ్లం కనిపించినది. ఆ సందేహం తీరేవరకు అతడు పెదవి విప్పలేదు. ప్రాణవాయువులో కలిసిన కొద్దిపాటి నత్రజనియే దానికి కారణమని తేల్చిన తరువాత, 1784 జనవరిలో రాయల్ సొసైటీలో తన వ్యాసం చదివించినాడు. ఈ సందేహాన్నే వెంబడించి 1785లో నత్రజనిని పరీక్షించినప్పుడు, దేనితోను కలియని చిన్న బుడగ ఒకటి మిగిలిపోయినదని వ్రాసి పెట్టినాడు. నూరేళ్ళు గడచిన తరువాత 1894లో రేలీ, రామ్సే అనే శాస్త్రజ్ఞులు ఆర్గాన్ అనే వాయువును ప్రకటించినప్పుడు, ఆ బుడగ ఏమిటో లోకానికి తెలిసినది.

ఇంతలో ఈ వార్త ఇంగ్లీషు కాలువ దాటినది. కావెండిష్ సహాయకుడు బ్లాగ్డెన్ 1783 జూన్‌లో పారిస్ వెళ్ళి, మాటల సందర్భంలో లవాజియేకు ఈ ప్రయోగం సంగతి చెప్పినాడు. తాను ఆమ్లం కొరకు వెదకిన చోట నీరు దొరకినదన్న మాట విని లవాజియే ఊరకుండలేదు. జూన్ 24వ తేదీన, గణితశాస్త్రవేత్త లాప్లాసు తోడుగా, బ్లాగ్డెన్ చూస్తూ ఉండగా, రెండు వాయువులను గాజుపాత్రలో మండించినాడు. అయిదు 'గ్రో'లకు కొంచెం తక్కువగా, అనగా ఇంచుమించు 19 గ్రాముల నీరు వచ్చినది. మరునాడే ఫ్రెంచి విజ్ఞాన అకాడెమీలో ప్రకటించినాడు: నీరు మూలపదార్థం కాదు.

ఇక్కడ న్యాయంగా చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. లవాజియే తన వ్యాసంలో కావెండిష్‌కు ఇవ్వవలసినంత గౌరవం ఇవ్వలేదు. బ్లాగ్డెన్ 1786లో బహిరంగంగానే ఆక్షేపించినాడు. ఆవిరియంత్రాన్ని సంస్కరించిన జేమ్స్ వాట్ కూడ 1783లోనే ఈ అభిప్రాయాన్ని ఒక లేఖలో వ్రాసినాడు కనుక, ప్రథమగౌరవం ఎవరిదనే వివాదం ఎంతో కాలం సాగినది. అయితే ప్రయోగం చేయడం వేరు. దాని అర్థం గ్రహించడం వేరు. ఆ రోజులలో మండే ప్రతి వస్తువులోను 'ఫ్లోజిస్టన్' అనే కనబడని పదార్థం ఉంటుందని, మంట అంటే అది బయటికి వెళ్ళిపోవడమేనని పండితుల సిద్ధాంతం. కావెండిష్ తన నీటిని ఆ సిద్ధాంతంలోనే ఇమిడ్చి, రెండు గాలులలోను ముందే ఉన్న నీరు బయట పడినదని వివరించినాడు. లవాజియే ఆ సిద్ధాంతాన్ని త్రోసివేసి, రెండు వాయువులు కలిసి నీరు అయినవి అని తిన్నగా చెప్పినాడు.

చెప్పి ఊరుకొంటే చాలదు. కలిసి ఏర్పడినదైతే విడిపోవలెను కదా! ఆ పరీక్షకు ఒక లౌకికమైన ప్రేరణ కూడ దొరకినది. 1783 ఆగస్టు 27వ తేదీన చార్ల్స్ అనే శాస్త్రజ్ఞుడు మండే గాలి నింపిన బెలూనును పారిస్‌లో వదలినాడు. గాలికన్న ఈ వాయువు 14 రెట్లు తేలిక. బెలూను మేఘాలలోనికి పోయి గోనెస్ అనే గ్రామంవద్ద దిగగా, అక్కడి రైతులు భూతమని భయపడి పంగలకర్రలతో పొడిచి చీల్చినారట. బెలూనులకు ఈ వాయువు చవకగా కావలసివచ్చినది. లవాజియే, మెనియే అనే సైనిక ఇంజనీరు కలిసి, ఎర్రగా కాలిన ఇనుప తుపాకిగొట్టం గుండా నీటిని పంపినారు. ఇనుము నీటిలోని ప్రాణవాయువును పట్టుకొని తుప్పువంటి పదార్థం అయినది. రెండవ చివరనుంచి మండే గాలి వెలువడినది. 1785 ఫిబ్రవరి చివర పలువురు పండితుల సమక్షంలో నీటిని విడదీసి, మళ్ళీ కలిపి, రెండు పర్యాయాలు తూకాలు చూపినారు.

1787లో లవాజియే, అతని మిత్రులు ముగ్గురు కలిసి రసాయన పదార్థాలకు క్రొత్త పేర్లు పెట్టినారు. మండే గాలికి 'హైడ్రోజన్' అని గ్రీకు ధాతువులతో కూర్చిన పేరు ఇచ్చినారు. నీటిని పుట్టించేది అని దాని అర్థం. మన పాఠ్యపుస్తకాలలోని ఉదజని అనే మాట అదే అర్థాన్ని అక్షరాలా నిలుపుకొన్నది. ఉద అంటే నీరు. జని అంటే పుట్టుకకు మూలమైనది. పిల్లవాడు ఉదజని అని పలికిన ప్రతిసారి 1781నాటి గాజుగొట్టంలోని 9 గ్రాముల నీటిని స్మరిస్తున్నాడన్నమాట. ఆ సంగతి వానికి ఎవరూ చెప్పరు, అంతే.

దాని ప్రక్కనే మరొక పేరు ఉన్నది: ఆమ్లజని. ఇది ప్రాణవాయువుకు లవాజియే పెట్టిన 'ఆక్సిజన్' అనే పేరుకు తెలుగు. ఆమ్లాలన్నిటినీ పుట్టించేది అని అర్థం. ఈ పేరులో ఉన్నది అతని పొరపాటు. ఉప్పునుంచి తీసే ఉదహరికామ్లంలో ఆమ్లజని బొత్తిగా లేదని 1810లో హంఫ్రీ డేవీ నిరూపించినాడు. ఆమ్లాలకు సామాన్యమైనది ఉదజని అని క్రమంగా తెలిసినది. మన జింకుముక్కలమీద బుడగలుగా లేచిన వాయువు ఆమ్లంలోనిదే అని ముందే చెప్పుకొన్నాము. లోహంలోనిదని కావెండిష్ పొరబడినాడు. ఆమ్లానికి మూలం ప్రాణవాయువని లవాజియే పొరబడినాడు. ఆమ్లజని అనే పేరు నిజానికి ఎవరికైనా తగితే ఉదజనికే తగవలెను. కాని పేరు స్థిరపడిపోయినది. ఇద్దరు మహనీయుల కష్టఫలం, వారి పొరపాటు రెండూ ఒకే పాఠంలో ప్రక్కప్రక్కన కూర్చున్నవి.

ఆ మహనీయుల జీవితాలు సుఖంగా ముగియలేదు. ఫ్రెంచి విప్లవం పట్ల సానుభూతి చూపినాడని 1791 జూలైలో బర్మింగ్‌హామ్ మూకలు ప్రీస్ట్లీ ఇంటిని, ప్రయోగశాలను తగులబెట్టినవి. అతడు 1794లో అమెరికా చేరి, 1804లో మరణించేవరకు ఫ్లోజిస్టన్‌నే నమ్మినాడు. అదే విప్లవం పన్నులు వసూలు చేసే సంఘంలో భాగస్వామి అని లవాజియేను 1794 మే 8వ తేదీన గిలొటిన్‌కు ఎక్కించినది. అతడు మరణించిన ఆరేళ్ళకు, 1800లో, లండనులో నికల్సన్, కార్లయిల్ అనే ఇద్దరు, అప్పుడే వెలువడిన వోల్టా ఘటమాలతో నీటిలోనికి విద్యుత్తును పంపగా, ఒక తీగవద్ద ఉదజని, మరొక తీగవద్ద ఆమ్లజని బయలుదేరినవి. నీటి రహస్యం ఇక ఎవరూ కాదనలేనిది అయినది.

ఈ ప్రయోగాన్ని పిల్లల ముందుకు తెచ్చిన వారిలో అగ్రగణ్యుడు మైకేల్ ఫారడే. పుస్తకాలు బైండు చేసే దుకాణంలో పనినేర్చుకొన్న ఈ బీదవాడు, తరువాత లండను రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో క్రిస్మస్ సెలవులలో బాలబాలికలకు ఉపన్యాసాలు ఇచ్చినాడు. 1860-61 శీతకాలంలో ఇచ్చిన ఉపన్యాసాలకు విషయం ఒక కొవ్వొత్తి. కొవ్వొత్తి మంటపైన చల్లని పాత్ర పట్టి నీటిబొట్టు చూపి, ఆ నీటి వెంట ఉదజని వద్దకు పిల్లలను నడిపించినాడు. మన ఇంటిలోనే దీనిని చూడవచ్చును. చల్లని నీరు పోసిన గిన్నెను గ్యాసు పొయ్యిమీద పెట్టిన మొదటి క్షణాలలో గిన్నె అడుగున, ప్రక్కలను చెమ్మ పట్టుతుంది. గిన్నె కారుతున్నదని కొందరు అనుకొంటారు. అది వంటగ్యాసులోని ఉదజని మండి కలిగిన నీరు. గిన్నె వేడెక్కగానే ఆవిరై పోతుంది.

ఇక అపాయం సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే అవుతుంది. గాలిలో ఉదజని నూటికి 4 పాళ్ళనుంచి 75 పాళ్ళవరకు ఎంత ఉన్నా నిప్పు తగిలితే అంటుకొంటుంది. ఇంత విశాలమైన పరిమితి ఉన్న వాయువులు అరుదు. పైగా దాని మంట పగలు కంటికి ఆనదు. ప్రయోగం మొదలు పెట్టగానే సీసాలో ఉన్నది గాలి, వాయువు కలిసిన మిశ్రమం. తొందరపడి నాళపు మొనవద్ద నిప్పు పెట్టితే మంట వెనుకకు పోయి సీసా పగిలిపోతుంది. గాజుపెంకులు, ఆమ్లం కలిసి ముఖంమీద పడతాయి. మా మాస్టారు మూడు నాళికలు పరీక్షించినది ఇందుకే. శబ్దం ఉన్నంతవరకు గాలి ఉన్నదన్నమాట. శబ్దం పోయి నెమ్మదిగా మండినప్పుడే వాయువు స్వచ్ఛమైనదన్నమాట. కావెండిష్ సీసాలవద్ద చెవి యొగ్గి తెలిసికొన్న భేదమే పిల్లల కళ్ళను కాపాడుతున్నది. ఈ పరీక్ష చేయడానికి ఓపిక లేనివారు ఆ ప్రయోగమే చేయరాదు. 1937 మే 6వ తేదీన అమెరికాలో లేక్‌హర్స్టువద్ద హిండెన్‌బర్గ్ అనే ఆకాశనౌకలోని ఉదజని అంటుకొని, క్షణాలలో నౌక అంతా దగ్ధమై, 36 మంది ప్రాణాలు పోయినవి.

ఆ శక్తినే అదుపులో పెట్టిన వారు కూడ ఉన్నారు. ఉదజనిని, ఆమ్లజనిని అతిశీతల ద్రవాలుగా మార్చి, మండించి, ఆ ఆవిరి త్రోపుడుతో రాకెట్లను నడుపుతారు. మన శ్రీహరికోటనుంచి 2014 జనవరి 5వ తేదీన ఎగిరిన జీఎస్ఎల్‌వీ రాకెట్టులో స్వదేశంలో తయారైన అట్టి క్రయోజెనిక్ యంత్రం మొదటిసారి జయప్రదంగా పనిచేసి, ఉపగ్రహాన్ని కక్ష్యలో చేర్చినది. పరీక్షనాళికలో 'టప్' మన్నది, అక్కడ మండినది ఒకే చర్య. రెండుచోట్లను మిగిలినది నీరే.

మా సహాధ్యాయిని ఆనాడు మేము నవ్వినందుకు నాకు ఇప్పటికీ కొంచెం సిగ్గుగా ఉంటుంది. వాడు ఒక్కడే శబ్దాన్ని దాటి చెమ్మ దగ్గరకు వెళ్ళినాడు. వాని జవాబు తప్పు; కాని ఆ తప్పు జవాబును తోసివేయక, దానికొరకు మరునాడు ఒక ప్రయోగం ఏర్పాటు చేసిన ఉపాధ్యాయుడు దొరకడం వాని అదృష్టం, మా అందరి అదృష్టం. నేడు అనేక పాఠశాలలలో ఈ ప్రయోగం పుస్తకంలోని బొమ్మగానే మిగిలిపోతున్నది. పరికరాలు బీరువాలో ఉంటాయి. బీరువాకు తాళం ఉంటుంది. పిల్లలు ఉదజని ధర్మాలను వల్లె వేసి మార్కులు తెచ్చుకొంటారు.

ఈ సాయంకాలం మీ ఇంటిలో ఉన్నతపాఠశాలలో చదివే బాలుడో బాలికో ఉంటే, ఉదజని మండినప్పుడు ఏమవుతుందని అడిగి చూడండి. శబ్దం వస్తుందని చెప్పితే, ఆ తరువాత ఏమి మిగులుతుందని అడగండి. పుస్తకం తెరవనీయకండి. వంటయింటిలోనికి తీసుకొనిపోయి, చల్లని నీటిగిన్నెను మీ చేతులతో పొయ్యిమీద పెట్టి, గిన్నె ప్రక్కను పట్టే చెమ్మను చూపండి. అది ఎక్కడినుంచి వచ్చినదో వారిని ఆలోచించనీయండి. గిన్నె కారుతున్నదని వారు అన్నా మీరు నవ్వకండి. గిన్నెను తుడిచి, మళ్ళీ చల్లని నీరు పోసి, మరొకసారి పెట్టి చూపండి.